కావలి ఇల్లా, హైదరాబాద్ హాస్టలా? మధ్యలో నెల్లూరు ఉంది

కావలి నుంచి ఒక అమ్మ రాశారు: "మేడమ్, మా పాప ఈ ఏడాది బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. నెల్లూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో నెలకు 12,000 ఇస్తామన్నారు. ఇంట్లో తిని రైల్లో పోయి రావచ్చు. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కూడా అకౌంట్స్ పని వచ్చింది, ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ. అక్కడ హాస్టలు, చార్జీలు, పై ఖర్చులు పోను మిగిలేది కూడా పది పన్నెండు వేలే. ఆ మాత్రానికి అంత దూరం పంపడమెందుకని నేనంటాను. పాపేమో హైదరాబాదే పోతానంటోంది. పంపితే వనస్థలిపురంలో వాళ్ల పిన్ని ఇంట్లో పెడదామని మా ఆయన అంటున్నారు. తన జీతం డబ్బులు మాకేమీ అక్కర్లేదు. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ లెక్క దాదాపు సరిగ్గానే ఉంది. 3.6 లక్షలంటే నెలకు 30,000 చేతికొస్తుందని పాప అనుకుంటూ ఉంటే ఆ భ్రమ ఇప్పుడే తీర్చేయండి. పీఎఫ్‌లో కంపెనీ వాటా 1,800, పాప వాటా 1,800, ఆపైన గ్రాట్యుటీ, వృత్తి పన్ను 200 పోతే ఇరవై ఐదు వేల చిల్లర వస్తుంది. పీఎఫ్ ఎక్కడికీ పోదులెండి, అదీ పాప డబ్బే. ఆఫర్ లెటర్లో 'వేరియబుల్ పే' అని, అంటే పనితీరును బట్టి ఇచ్చే మొత్తంగా, కొంత చూపించి ఉంటే మాత్రం నెలజీతం ఇంకా తగ్గుతుంది.

మీ లెక్కలోకి రానిది సాయంత్రం రైలు. కావలి నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్ల చిల్లర. సీజన్ టికెట్ తీసుకుంటే ఖర్చు పెద్దదేం కాదు. కానీ ఆడిటర్ ఆఫీసులో అన్ని రోజులూ ఒకలా ఉండవు. నెలలో 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న ఆదాయపు పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను, 20కి పన్ను కట్టే 3బి రిటర్ను వేయాలి. సెప్టెంబరు 30 దగ్గరపడితే ఆడిట్ రిపోర్టుల హడావిడి. ఆ రోజుల్లో పన్నుల పోర్టల్ తెరుచుకోక తిరుగుతూనే ఉంటుంది, క్లయింటు బిల్లులు ఏడింటికి వాట్సాప్‌లో పంపుతాడు, ఓటీపీ కోసం ఆయనకే మళ్లీ నాలుగుసార్లు ఫోన్ చేయాలి. ఎనిమిదైనా సీట్లో ఉన్నవాళ్ల చేతికే సీనియర్ ఫైలు ఇస్తాడు. ఐదున్నరకే బ్యాగు సర్దుకునే అమ్మాయికి టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఓచర్లు కొట్టే పని మిగులుతుంది. ఇందులో సీనియర్ తప్పేం లేదు, పాప తప్పూ లేదు. రైలు టైమ్ అది. రెండేళ్ల తర్వాత చూస్తే అదే సీటు, అవే ఓచర్లు.

పోనీ గచ్చిబౌలి నయమా అంటే, అది ఏం పని ఇస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇలాంటి చాలా కంపెనీల్లో 'అకౌంట్స్ ప్రాసెస్' అంటే ఎక్కడో విదేశీ సంస్థకు వచ్చిన బిల్లును, వాళ్లు పెట్టిన ఆర్డరుతో సరిపోల్చి ఎంటర్ చేయడం. రోజంతా అదే. రెజ్యుమెలో పెద్ద పేరు పడుతుంది, ఇంగ్లిష్ మెరుగవుతుంది, ఎక్సెల్ చేయి తిరుగుతుంది. అవి చిన్నవని నేననను. కానీ రెండేళ్లు చేసి నా దగ్గరికొచ్చిన పిల్లలను ఒక చిన్న షాపుకు జీఎస్టీ రిటర్న్ వేయగలవా అని అడిగితే చాలామంది నేల చూపులు చూస్తారు.

నెల్లూరులో మంచి ఆడిటర్ దగ్గరైతే ఏడాదిలోనే రకరకాల ఫైళ్లు చేతుల మీదుగా పోతాయి. రైస్ మిల్లు, రొయ్యల మేత డీలరు, కృష్ణపట్నం పోర్టుకు తిరిగే లారీలు. లారీ కిరాయి మీద జీఎస్టీ కట్టాల్సింది లారీ యజమానా, సరుకు పంపినవాడా అన్నది అక్కడ రోజూ వచ్చే ప్రశ్న. మీ ఇంటికి వచ్చే బియ్యం బస్తా 25 కిలోలు కాకుండా 26 కిలోలు ఎందుకైందో పాపనే అడగండి. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకింగ్ మీద 5 శాతం జీఎస్టీ వేశారు, ఆ పన్ను పడకుండా మిల్లుల వాళ్లు బస్తాకు కిలో పెంచారు. ఇలాంటివి కాలేజీలో చదివితే పరీక్ష దాకా గుర్తుంటాయి, మిల్లు ఫైలు మీద చూస్తే మరిచిపోరు.

అందుకని నా ఓటు నెల్లూరికే, కానీ కావలి నుంచి తిరగడానికి కాదు. మాగుంట లేఅవుట్‌లోనో దర్గామిట్టలోనో ఆఫీసుకు దగ్గరగా లేడీస్ హాస్టల్ చూడండి. భోజనంతో కలిపి ఆరు వేలనుకున్నా, పై ఖర్చులు పోను నాలుగైదు వేలు మిగిలితే గొప్ప. మూడు దారుల్లో తక్కువ మిగిలేది ఇదేనని నాకూ తెలుసు. పాప డబ్బు అక్కర్లేదని మీరు రాశారు కాబట్టే ఈ మాట చెప్పగలుగుతున్నాను. తను పంపితేనే ఇల్లు గడిచే పరిస్థితి అయితే ఇంకేం ఆలోచించకుండా హైదరాబాద్ పంపమనేదాన్ని.

ఒప్పుకునే ముందు ఆడిటర్ గారిని ఒకటి అడగాలి: ఎన్ని నెలలకు సొంతంగా ఫైలు ఇస్తారు? "చూద్దాంలేమ్మా" అంటే ఆ ఉద్యోగం వదిలేయండి. పాపకు సీఏ ఆలోచన ఉంటే, బీకాంలో కనీసం 55 శాతం వచ్చినవాళ్లు మొదటి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌కు రిజిస్టర్ కావచ్చు. అయితే ఈ జీతం ఉద్యోగం ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర తప్పనిసరిగా చేయాల్సిన శిక్షణ) కిందికి రాదు, అది వేరుగా చేయాలి.

ఇంకో మాట. పాప హైదరాబాద్ అంటున్నది ఉద్యోగం కోసమా, ఇల్లు దాటడం కోసమా? రెండోదైనా కోప్పడకండి. ఆఫీసు నుంచి వచ్చాక ఇంటికొచ్చిన చుట్టాలకు టీ పెట్టి, తమ్ముడి హోంవర్కు చూసి, తొమ్మిదింటికి పుస్తకం తీసే ఆడపిల్లలను చాలామందిని చూశాను. అదే ఇంట్లో మగపిల్లాడికి ఆ పని చెప్పరు. నెల్లూరు హాస్టల్ ఆ కోరికను కొంతైనా తీరుస్తుంది, ఆదివారం మీ చేతి కూడూ దక్కుతుంది.

చివరకు హైదరాబాదే ఖాయమైతే పిన్ని ఇల్లు మాత్రం వద్దు. వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ వచ్చి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి మళ్లీ ఆటో పట్టుకోవాలి. పోను రాను రోజుకు మూడు గంటలు తక్కువ కావు. ఆఫీసుకు దగ్గర్లో హాస్టలే నయం. ఫ్లాటు తొందర కూడా వద్దు. అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు, గ్యాసు, మంచాలు అంటూ మొదటి రెండు జీతాలు అక్కడే పోతాయి. రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే క్యాబ్ హాస్టల్ గుమ్మం దాకా వస్తుందా, ఇన్నాళ్లు మానేయనని బాండ్ రాయమంటారా అన్నవి చేరేముందే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగమనండి. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, ఇచ్చి రావాల్సింది జిరాక్సులే.