డచ్‌లో వాదన రాయాలంటే: మా అక్క కూతురికి ఓ ఉత్తరం

చిన్నీ,

ఎన్‌టీ2 (డచ్ మాతృభాష కానివాళ్లకి పెట్టే డచ్ పరీక్ష) రెండో ప్రోగ్రామ్ రాస్తున్నావని అక్క చెప్పింది. మాటలన్నీ వచ్చు గానీ, వాదన రాయమంటే చెయ్యి కదలట్లేదన్నావట. నెదర్లాండ్స్‌లోని ఈ ఐండ్‌హోవెన్ వచ్చిన కొత్తలో నాదీ అదే టెన్షన్.

ముందు 'బికాజ్' సంగతి చూడు. డచ్‌లో దానికి వంట్ అనీ, ఒమ్‌దట్ అనీ రెండు మాటలున్నాయి. (మన వంటకీ దానికీ సంబంధం లేదు, గుర్తుండటానికి మాత్రం పనికొస్తుంది.) వంట్ తర్వాత వాక్యం మామూలుగానే నడుస్తుంది: 'ఇక్ బ్లైఫ్ తౌస్, వంట్ ఇక్ బెన్ జీక్'. ఇంట్లోనే ఉంటాను, ఎందుకంటే ఒంట్లో బాగాలేదు అని. ఒమ్‌దట్ పెట్టావో, క్రియ చివరికి పోతుంది: 'ఒమ్‌దట్ ఇక్ జీక్ బెన్'. ఇంగ్లిష్‌లో అనుకుని రాస్తే ఇక్కడే తడబడతావు. తెలుగులో అనుకో. క్రియ చివర రావడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటే కదా!

ఆ 'కదా' కూడా వాళ్లకుంది. 'యే కొమ్‌ట్ తొఖ్?' అంటే వస్తావు కదా అని. వాదనలో అయితే ఇమ్మర్స్: 'హెట్ ఈస్ ఇమ్మర్స్ జొన్‌దఖ్', ఇవాళ ఆదివారం కదా. డిక్షనరీలో 'ఆఫ్టర్ ఆల్' అని ఉంటుంది. అది చదివితే నాకేం ఎక్కలేదు, 'కదా' అనుకున్నాకే పట్టుబడింది.

'సో'కి దుస్, 'దేర్‌ఫోర్'కి దారోమ్. దారోమ్‌తో మొదలెడితే వెంటనే క్రియ, ఆ తర్వాతే కర్త: 'దారోమ్ బ్లైఫ్ ఇక్ తౌస్'.

అసలు తంటా మిట్స్, టెన్‌జైలతో. మిట్స్ అంటే 'ప్రొవైడెడ్ దట్', టెన్‌జై అంటే 'అన్‌లెస్'. ఓసారి సోమవారం సెలవిస్తేనే శనివారం వస్తానని ఆఫీసుకి మెయిల్ రాస్తూ మిట్స్ బదులు టెన్‌జై కొట్టాను. సెలవిస్తే రాను, లేకపోతే వస్తాను అని తేలింది! మేనేజర్ హాయిగా సెలవివ్వడం మానేసి, శనివారం నాకోసం ఎదురుచూశాడు.

'ఫాలసీ'ని, అంటే తప్పుడు వాదనని, ద్రొఖ్‌రేదెన్ అంటారు, మోసం చేసే కారణం అన్నమాట. మన తర్కంలో హేత్వాభాసం. సీమోన్ స్టేవిన్ అనే గణిత పండితుడు 1585లోనే తర్కశాస్త్రం మీద డచ్‌లో పుస్తకం రాశాడు. లెక్కలకి లాటిన్ పేరు కాకుండా విస్‌కుండే అనే సొంత మాట వాడుకలోకి రావడం కూడా ఆయన చలవే. ఇలాంటివి సొంత మాటలతో కట్టినవి కాబట్టి, విడగొడితే లోపలి అర్థం కనిపిస్తుంది, బట్టీ పట్టకు.

నిన్న రాసిన వ్యాసం ఫొటో తీసి పంపు. ఒమ్‌దట్ వచ్చిన ప్రతిచోటా గీత గీసి పెట్టు, క్రియ ఎక్కడుందో చూసి చెప్తాను.

మీ పిన్ని