ఆ గుర్రాన్ని ఎందుకు వదిలేశావు?

అమ్మాయీ,

ఇంగ్లిష్ కాంట్రాక్టు చట్టం మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి చదివాను. భాష బాగుంది. కానీ రెండో పేజీలో 'మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఆఫర్ విషయంలోనూ అంతే' అని రాశావు. అక్కడే ఆగిపోయాను. ఆ పైన చదవబుద్ధి కాలేదు.

అంతే కాదమ్మా, అది పూర్తిగా తిరగబడింది. ఆ చట్టంలో ఆఫర్‌కు, అంటే ఇంతకు ఇస్తాను లేదా కొంటాను అన్న ప్రతిపాదనకు, మౌనం సాధారణంగా అంగీకారం కాదు. 1862 నాటి ఫెల్ట్‌హౌస్, బిండ్లీ కేసు పేరు నువ్వే ఒక లైనులో రాశావు. గుర్రాన్ని మాత్రం వదిలేశావు.

ఆ గుర్రం జాన్ ఫెల్ట్‌హౌస్‌ది. బాబాయి వరసైన పాల్ దాన్ని 30 పౌండ్లకు కొన్నాననుకున్నాడు. జాన్ 30 గినీలకు అమ్మాననుకున్నాడు. గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ, కాబట్టి తేడా 30 షిల్లింగులు. చెరి సగం సర్దుకుందామని 1861 జనవరిలో పాల్ ఉత్తరం రాశాడు: నీ దగ్గర్నుంచి ఇంకే కబురూ రాకపోతే 30 పౌండ్ల 15 షిల్లింగులకు గుర్రం నాదే అనుకుంటాను అని. జాన్‌కు ఇవ్వాలనే ఉంది, జవాబు మాత్రం రాయలేదు. ఫిబ్రవరిలో తన పశువులను వేలం వేయిస్తూ, ఆ గుర్రాన్ని అమ్మొద్దని వేలందారు బిండ్లీకి చెప్పాడు. బిండ్లీ మరిచిపోయి అమ్మేశాడు. పాల్ బిండ్లీ మీద కోర్టుకెక్కాడు, చివరికి ఓడిపోయాడు. జాన్ మనసులో మాట వేలందారుకు చేరింది గానీ పాల్‌కు చేరలేదు.

ఈ కేసంటే నాకు ఎందుకింత పట్టుదలో చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట ఒక సంపాదకుడు నాకు కార్డు రాశాడు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే నా వ్యాసాన్ని పారితోషికం లేకుండా వేసుకోవడానికి ఒప్పుకున్నట్టేనట. అప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉంది. నేను ఇంటికొచ్చి కార్డు చూసేసరికి వ్యాసం అచ్చయిపోయింది, అదీ తేదీలన్నీ కొట్టేసి. పాఠకులకు తేదీలు విసుగట!

అందులో రాసింది హైడ్, రెంచ్ కేసు. 1840 జూన్ 6న రెంచ్ తన పొలం వెయ్యి పౌండ్లకు ఇస్తానన్నాడు. 8న హైడ్ 950కి అడిగాడు. 27న రెంచ్ కుదరదన్నాడు. 29న హైడ్ సరే, వెయ్యికే అన్నాడు. బేరమాడి తగ్గించి అడగడంతోనే మొదటి ఆఫర్ పోయింది, ఇక సరే అనడానికి అక్కడ ఏమీ లేదు. తేదీలు తీసేస్తే హైడ్ ఒప్పుకున్నాడు, కోర్టు కాదంది అని మాత్రమే మిగిలింది. నా పేరుతో అలా అచ్చయిందే అని ఇప్పటికీ బాధే.

ఎవరు, ఎప్పుడు, ఎవరితో ఏమన్నారు అన్నదే ఈ చట్టమంతా. ఇప్పుడు అందరూ 'ఐదు ముఖ్యాంశాలు' అని బాక్సు కట్టేస్తున్నారు. నువ్వూ ఒకటి కట్టావు. దాన్ని తీసెయ్. సామెత కూడా తీసెయ్.

రెండో పేజీని పాల్ ఉత్తరంతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆదివారం లోపు పంపు, ఎదురుచూస్తుంటాను.