గెలిచే ఆటలో అవతలివాడు కదలకపోతే: రొయ్యల గుంట గట్టు మీద నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇది: ఆన్‌లైన్ చెస్‌లో ఓడిపోతున్నామని తెలియగానే కొందరు ఎత్తు వేయరు, ఓటమి ఒప్పుకోరు, గడియారం అయిపోయేదాకా ఊరికే కూర్చుంటారు. పది నిమిషాల ఆటలో ఆరేడు నిమిషాలు ఇలాగే పోతున్నాయి. వీళ్లతో ఎలా వేగాలి?

నేను నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర రెండు వనామి రొయ్యల గుంటలు సాగు చేస్తున్నాను. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా కాపలా నాదే. గుంట నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి ఆ వేళ కునుకు తీస్తే మూడు నెలల కష్టం నీళ్ల మీద తేలుతుంది. నిద్ర ఆపుకోవడానికి ఫోనులో చదరంగం మొదలుపెట్టాను, అది కాస్తా అలవాటై కూర్చుంది. మీరు చెప్పిన బాపతు మనుషులు ఈ ఐదేళ్లలో నాకు వారానికి ఇద్దరు ముగ్గురైనా తగిలారు. ఉపాయాల కంటే ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. అందులోనే సగం జవాబు ఉంది.

పోయిన వేసవిలో ఒక రాత్రి రెండు దాటాక పది నిమిషాల ఆట ఆడుతున్నాను. నా దగ్గర రెండు ఏనుగులు ఉన్నాయి. అతనికి రాజు, ఒక మూల బంటు మాత్రమే మిగిలాయి. ఇంకో నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు. అతని గడియారంలో ఆరు నిమిషాల నలభై సెకన్లు, నాదాంట్లో రెండున్నర నిమిషాలు. అతను ఆగిపోయాడు. ఆలోచిస్తున్నాడేమో అని ఒక నిమిషం సరిపెట్టుకున్నాను. ఆలోచించడానికి అక్కడ ఏముంది? రాజు వెళ్లగలిగేవి రెండే గళ్లు. రెండో నిమిషానికి విషయం అర్థమైంది. మూడో నిమిషంలో పక్క గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ మోత మారింది. రెక్కల్లో ఏదైనా చిక్కుకుంటే ఆ మోటారు గొంతు బొంగురుపోతుంది, ఎంత నిద్రలో ఉన్నా అది నాకు తెలిసిపోతుంది. ఫోను మంచం మీద పెట్టి టార్చిలైటు తీసుకుని వెళ్లాను. నాచుతో కలిసి నైలాను తాడు ముక్క ఒకటి చుట్టుకుని ఉంది. మోటారు ఆపి, మోకాలి లోతు నీళ్లలో దిగి, దాన్ని కోసి తీసి వచ్చేసరికి ఎంత సేపయిందో గానీ, ఫోను తెర మీద 'మీ సమయం అయిపోయింది, మీరు ఓడిపోయారు' అని ఉంది.

అతను నేను లేచిన కాసేపటికే ఎత్తు వేసేశాడు. అప్పటి నుంచి నడిచింది నా గడియారం.

ఆ రాత్రి అతన్ని ఎన్ని తిట్టానో గట్టు మీద కుక్కకు తెలుసు. తెల్లారాక చల్లబడి చూసుకుంటే, ఓడింది నా తప్పు వల్లే. చదరంగంలో ఒక నియమం ఉంది. ఒకరి సమయం అయిపోయినా, ఎదుటివాడి దగ్గర ఆటకట్టు చేసే అవకాశమే లేకపోతే అది ఓటమి కాదు, డ్రా. ఒంటరి రాజు ఎవరికీ ఆటకట్టు చేయలేడు. ఆ మూల బంటును ఏనుగుతో తినేసి ఉంటే నేను గంటసేపు గుంటలో ఉన్నా సగం పాయింటు మిగిలేది. బంటు ఎందుకులే, నేరుగా ఆట ముగిద్దామన్న తొందరలో వదిలేశాను. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి: గెలుపు ఖాయమయ్యాక ముందు బంట్లను ఊడ్చేయడం, తర్వాతే రాజు వెంట పడటం. రెండు మూడు ఎత్తులు ఆలస్యమైనా మనశ్శాంతి ఉంటుంది.

కదలకుండా కూర్చునేవాడు నమ్ముకునేది సరిగ్గా ఇదే. అతనికి కావలసింది సమయం కాదు, మీ చూపు పక్కకు తిరగడం. విసుగొచ్చి టీ పెట్టుకోవడానికి వెళ్తారు, వేరే ఆట తెరుస్తారు, ఫోను పక్కన పడేస్తారు. చివరి పది పదిహేను సెకన్లలో అతను ఎత్తు వేస్తాడు, మీరు చూడరు. కొందరు మధ్యలో డ్రాకు ఒప్పుకోమని మాటిమాటికీ అడుగుతూ చికాకు పెడతారు. దానికి సంభాషణ పెట్టెను (చాట్‌ను) మూసేయడమే మందు. జవాబు రాశారంటే అతను కోరుకున్నది మీరే చేతికి అందించినట్టు.

ఒక సంగతి మాత్రం విడదీసి చెప్పాలి. ఓడిపోయే ఆటను చివరిదాకా ఆడటం తొండి కాదు. మంత్రి పోగానే చేతులెత్తేయాలని ఎక్కడా లేదు. నేను రాజు తప్ప ఏమీ లేని స్థితిలో అవతలివాడి తొందరపాటు వల్ల స్టేల్‌మేట్ అయి (రాజుకు చెక్ లేకపోయినా వేయడానికి ఎత్తే లేక డ్రా అయి) ఒడ్డున పడ్డ ఆటలు చాలానే ఉన్నాయి. ఎత్తులు వేస్తూ వేలాడేవాడు ఆటగాడే. ఎత్తు వేయకుండా వేలాడేవాడి గురించే ఈ గొడవంతా.

ఈ జబ్బు ఆన్‌లైన్‌తో వచ్చిందని అనుకోకండి. మా ఊళ్లో రామాలయం అరుగు మీద పులిమేక గీతలు చెక్కి ఉండేవి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మా పెదనాన్న పులులతో ఆడేవాడు. రెండు పులులు కట్టుబడిపోయాయంటే చాలు, ఆయనకు గేదె గుర్తొచ్చేది. "దూడ విప్పుకుని తాగేస్తుందేమో, చూసి వస్తాను" అని పైకండువా దులుపుకుని లేచేవాడు. ఎదుటి ఆయన దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుని కూర్చుని లేచిపోయేవాడు. మర్నాడు పొద్దున పెదనాన్న వచ్చి, "నిన్న ఇక్కడ మేక లేదే, ఎవరో జరిపారు" అనేవాడు. చివరికి ఎదుటి ఆయనే విసిగిపోయి, పెదనాన్న లేవగానే ఏ గింజ ఎక్కడుందో సుద్దముక్కతో చుట్టూ సున్నాలు చుట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మా గేదె దూడ చాలా బుద్ధిగా ఉండేదని ఇంట్లో నవ్వుకునేవాళ్లం.

పెద్ద పెద్దవాళ్లకూ ఈ గేదె గుర్తొచ్చింది. 1895లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో జరిగిన చదరంగం పోటీలో మాజీ ప్రపంచ విజేత స్టైనిట్జ్ మీద ఆడుతున్న జర్మన్ ఆటగాడు ఫాన్ బార్డెలెబెన్, ఓటమి కళ్ల ముందు కనిపించగానే మాటైనా చెప్పకుండా హాలు నుంచి బయటికి నడిచాడు. గడియారం నడుస్తూనే ఉంది. అతను తిరిగి రాలేదు. గెలుపు ఎలా ఉండేదో స్టైనిట్జ్ అక్కడున్నవాళ్లకు ఎత్తు ఎత్తుగా వేసి చూపించాడు. ఆ ఆట చదరంగ చరిత్రలోని అందమైన ఆటల్లో ఒకటిగా నిలిచిపోయింది. ఓడినాయన మాత్రం ఇవాళ్టికీ ఎక్కువగా ఆ నడకతోనే గుర్తుండిపోయాడు.

అసలు చదరంగానికి గడియారం వచ్చిందే నాన్చేవాళ్ల బాధ పడలేక. 1851 లండన్ పోటీలో సమయానికి హద్దే లేదు. ఎదుటివాడు గంటల తరబడి కూర్చుని చంపేశాడని అప్పటి మేటి ఆటగాడు స్టాంటన్ మొత్తుకున్నాడు. ఆ తర్వాత ఇసుక గడియారాలు వచ్చాయి. 1883లో లండన్‌లోనే రెండు ముఖాల గడియారం వచ్చింది. ఒకరిది ఆగితే మరొకరిది నడిచే పద్ధతి అప్పటి నుంచే. నాన్చుడును ఆపడానికి తెచ్చిన ఆ గడియారాన్నే ఇప్పుడు నాన్చుడుకు వాడుకుంటున్నారు. 'నాకు పది నిమిషాలు ఇచ్చారు, వాడుకోవడం నా హక్కు' అంటారు. నియమాల ప్రకారం చూస్తే ఆ మాట పూర్తిగా తప్పూ కాదు, అదే బాధ. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమాల్లో ఎదుటివారిని విసిగించకూడదని స్పష్టంగానే ఉంది. హాల్లో అయితే పిలవడానికి ఆర్బిటర్, అంటే ఆట తీర్పరి, ఉంటాడు. తెల్లవారుజామున మూడింటికి నా గట్టు మీదికి ఎవరు వస్తారు?

ఇక ఉపాయాలు. అన్నిటికంటే పనికొచ్చింది పది నిమిషాల ఆట మానేయడం. అవతలివాడు గరిష్ఠంగా ఎంత వృథా చేయగలడంటే తన గడియారంలో మిగిలినంత. మూడు నిమిషాలు, ఎత్తుకు రెండు సెకన్ల చొప్పున అదనం ఉండే ఆటలో గెలుపు తేలేసరికి అతనికి ఒకటిన్నర నిమిషం కూడా మిగలదు. కూర్చోనీయండి, ఒక గుటక నీళ్లు తాగేలోపు అయిపోతుంది. ఆ రెండు సెకన్ల అదనం వల్ల ఇంకో లాభం ఉంది. ఓడే స్థితిలో పావులను అటూ ఇటూ గబగబా జరిపి మీ సమయం అయిపోగొట్టాలని చూసేవాళ్ల ఆట సాగదు. ఎత్తుకు కొంత సమయం కలిసే ఈ గడియారానికి అమెరికాకు చెందిన మాజీ ప్రపంచ విజేత బాబీ ఫిషర్ పేటెంటు తీసుకున్నాడు, 1992లో తన పాత ప్రత్యర్థి స్పాస్కీతో మళ్లీ తలపడినప్పుడు దాంతోనే ఆడాడు. ఆయన పేచీలు ఎన్ని ఉన్నా, ఇందుకు మాత్రం దండం పెట్టవచ్చు.

అవతలివాడు ఆట మూసేసి వెళ్లిపోతే గొడవ తక్కువ. లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైటులో కాసేపటికి గెలుపు తీసుకోమంటూ బొత్తాం వస్తుంది. తెర తెరిచి పెట్టుకుని కూర్చునేవాడికే అది వర్తించదు. మాటిమాటికీ ఇలా చేసేవాళ్లను సైట్లు కొంతకాలం ఆడనివ్వకుండా ఆపుతాయి, అందుకని ఫిర్యాదు పెట్టి మర్చిపోండి. ముందుగానే ఎత్తు వేసి పెట్టుకునే ప్రీమూవ్‌ను నమ్ముకుని లేవకండి. అవతలివాడు ఏ గడికి జరిగినా మీరు పెట్టిన ఎత్తే పడుతుంది, స్టేల్‌మేట్ అయి కూర్చుంటుంది. నాకు ఒకసారి అయింది.

ఇంతా చెప్పాక నా మీద పడ్డ మచ్చ కూడా చెప్పాలి. శ్రావణంలో ఒక రాత్రి మంత్రిని పోగొట్టుకుని ఓడిపోయే ఆటలో ఉన్నాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే ఆ నిశ్శబ్దం రొయ్యల రైతు గుండెకే తెలుసు. జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను. అది మొదటి లాగుకు అందుకోలేదు, డీజిల్ పైపులో గాలి పట్టింది. గాలి తీసి, నడిపించి, రెండు గుంటలూ చూసుకుని వచ్చేసరికి ఆట పోయింది. పోతే పోయింది. కానీ ఓడిపోయేటప్పుడు కావాలని సమయం వృథా చేస్తున్నారు, ఇలాగే కొనసాగితే ఆడనివ్వం అంటూ సైటు నుంచి హెచ్చరిక వచ్చి ఉంది. దాని పైన అవతలి ఆటగాడు పెట్టిన సందేశాలు మూడు. మొదటిది మర్యాదగానే ఉంది. మూడోది ఇక్కడ రాయలేను.

పొద్దున ఇంటికి వెళ్లి మా అమ్మాయికి చూపించి, ఎంత అన్యాయమో చూడు అన్నాను. ఇంటర్ చదువుతోంది, నాకంటే బాగా ఆడుతుంది. చదివి ఫోను తిరిగి ఇస్తూ, "నాన్నా, పోయిన వేసవిలో నువ్వు తిట్టినాయనకు కూడా ఎక్కడో కరెంటు పోయిందేమో" అంది.

అతనికి కరెంటు పోలేదని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం. నేను లేచిన కాసేపటికే వేశాడు ఆ ఎత్తు. అయినా అప్పటి నుంచి ఏరేటర్లు ఆగితే, పరిగెత్తే ముందు ఒక్క క్షణం ఆగి ఓటమి ఒప్పుకునే బొత్తాం నొక్కి వెళ్తున్నాను. ఓడే ఆటైతేనే సుమా. గెలిచే ఆటైతే ఫోను చేత్తో పట్టుకునే జనరేటర్ తాడు లాగుతున్నాను.