నెట్ తెగిపోతోందని అబ్బాయిని హైదరాబాద్ పంపాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల సాగు. బీటెక్ చదివిన మా అబ్బాయి ఇంటి నుంచే ఒక చిన్న కంపెనీకి సర్వర్లు చూసే సపోర్ట్ పని చేస్తున్నాడు. దూరంగా ఉన్న కంప్యూటర్‌ను ఇంటి నుంచే నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ మాటిమాటికీ తెగిపోతోంది. కరెంటు పోతే చెరువుల దగ్గర జనరేటర్ ఉంది గానీ ఇంట్లో నెట్ ఆగిపోతుంది. ఈ పని మాన్పించి హైదరాబాద్‌లో క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లు) కోర్సు చేయించమంటారా?

జవాబు: ఊళ్లో ఉంటే అబ్బాయి వెనకబడిపోతాడేమోనన్నదే మీ అసలు బెంగ. అమలాపురం, పాలకొల్లు వైపు తల్లిదండ్రులూ నన్ను ఇదే అడుగుతుంటారు. కంగారు పడకండి. కనెక్షన్ తెగినంత మాత్రాన చేసిన పని పోదు. తెరిచిన ప్రోగ్రాములు అవతలి సర్వర్‌లో నడుస్తూనే ఉంటాయి. అదే యూజర్‌తో మళ్లీ లాగిన్ అయితే వదిలిన చోటే దొరుకుతాయి. తెగిన సెషన్‌ను మూసేసేలా అడ్మిన్ గడువు పెట్టి ఉంటే మాత్రం పోతాయి. ఆ గడువెంతో అబ్బాయిని కనుక్కోమనండి. లినక్స్ సర్వర్ అయితే, కనెక్షన్ తెగినా పనిని నడుపుతూనే ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రాములో పని చేయడం అలవాటు చేసుకోవాలి.

ఎక్కడ తెగుతోందో పట్టుకోవడమే ఈ ఉద్యోగంలో అసలు విద్య. ఇంటి రౌటర్‌కూ, బయటి చిరునామాకూ ఒకేసారి పింగ్ (అవతలిది పలుకుతోందో లేదో చూసే ఆదేశం) నడిపి చూడాలి. రౌటరే పలకకపోతే లోపం ఇంట్లోనే, ముందు వైఫై మాని కేబుల్ వేసి చూడాలి. రౌటర్ పలికి బయటిది పలకకపోతే లోపం లైన్‌లో ఉంది. రెండూ పలుకుతుండగానే సెషన్ తెగితే కంపెనీ నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేర్చే వీపీఎన్‌ను అనుమానించాలి. ఇంటర్వ్యూలో ఇంత వివరంగా చెప్పగలిగిన కుర్రాడిని ఎవరూ తేలిగ్గా వదులుకోరు.

రెండు నెలల్లో క్లౌడ్ ఇంజనీర్‌ను చేస్తామనే ప్రకటనలను నేను నమ్మను. క్లౌడ్‌లోని విండోస్ సర్వర్‌కూ మామూలుగా ఇదే రిమోట్ డెస్క్‌టాప్‌తో, అదే 3389 పోర్టు (సర్వర్‌లోకి కనెక్షన్ వెళ్లే ద్వారం నంబరు) మీదుగానే వెళ్తారు. నెట్‌వర్క్ తెలియకుండా ఆ కోర్సు చేసినవాళ్లు చూపించిన బటన్లు నొక్కగలరు, చిక్కు వస్తే నిలబడిపోతారు. ఏడాది సపోర్ట్ పని చేశాక క్లౌడ్ నేర్చుకుంటే అది ఒంటబడుతుంది. అప్పుడైనా ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు.

ఇక మీకు ఒక మాట కటువుగానే చెప్పాలి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయని జనరేటర్ పెట్టారు. అబ్బాయి రౌటర్‌కు చిన్న బ్యాటరీ కొనడానికి మాత్రం మనసు రాలేదు. కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చుతో పోలిస్తే దాని ధర ఎంత? ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ బ్యాకప్ ఇవ్వండి. అక్టోబరు, నవంబరు తుపాన్లకు లైన్లు తెగుతాయి కాబట్టి వేరే నెట్‌వర్క్ సిమ్ ఒకటి ఇంట్లో ఉంచండి. అతను పనిలో ఉండగా చెరువు గట్టుకు రమ్మని పిలవకండి.