కొడుకు ఫోన్ ఎత్తకపోతే గుండె దడ... ధ్యానంతో తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. ఇంట్లోనే బట్టలు కుడతాను. మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు. ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే చాలు, బండి మీంచి పడ్డాడేమోనని గుండె దడదడలాడుతుంది. ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. ఈసీజీ మంచిగానే ఉందన్నారు. ధ్యానానికి కూర్చుంటే ఆలోచనలు ఇంకా ఎక్కువవుతున్నాయి. నాగార్జునసాగర్‌లో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి పొమ్మని మా వదిన అంటోంది. వెళ్లమంటారా?
– ఒక సోదరి, జడ్చర్ల

జవాబు: కూర్చోగానే ఆలోచనలు ఎక్కువైనట్టు అనిపించడం మీ లోపం కాదమ్మా. అవి రోజంతా తిరుగుతూనే ఉంటాయి. మిషన్ చప్పుడులో, వంట పనిలో మీకు కనబడవు, అంతే. ధ్యానమంటే ఆలోచనలు ఆపేయడమని అనుకుని చాలామంది నాలుగు రోజులకే వదిలేస్తారు. మనసు ఎటో పోయిందని గుర్తుపట్టి, మళ్లీ ఊపిరి మీదికి తెచ్చుకోవడమే సాధన. ముప్పైసార్లు పోతే ముప్పైసార్లు తెచ్చుకోండి.

ఇక ఫోన్ సంగతి. భయం పుడుతుంది, ఫోన్ మీద ఫోన్ చేస్తారు, అబ్బాయి ఎత్తుతాడు, ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరట దగ్గరే చిక్కుంది. ఫోన్ చేయబట్టే గండం గడిచిందని మెదడు నేర్చుకుంటుంది. తర్వాతిసారి ఇంకా తొందరగా భయపెడుతుంది. పొలంలో నీళ్లు అలవాటైన కాలువలోకే పోతాయి కదా. పార పట్టి మడవ తిప్పితేనే పక్క మడికి పారతాయి, అదీ ఒక్కరోజుతో కాదు. మెదడులో నరాల కణాల మధ్య సంబంధాలు కూడా వాడేకొద్దీ బలపడతాయి, వాడకపోతే సన్నగిల్లుతాయి. 42 ఏళ్లకు ఆ గుణం పోదు.

మడవ తిప్పాల్సింది ఫోన్ దగ్గరే. అబ్బాయి ఎత్తలేదు, మీ చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోతోంది. అక్కడ ఆగండి. కుట్టేది పక్కన పెట్టి కాళ్లు నేలకు ఆనించండి. గచ్చు చల్లదనం అరికాళ్లకు తెలియనివ్వండి. ‘ఇది భయంతో వచ్చిన ఆలోచన, జరిగిన సంగతి కాదు’ అని మనసులో అనుకోండి. దడను అణచాలని చూడకండి. ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు నెమ్మదిస్తోందో గమనిస్తూ ఊపిరి నిదానంగా వదలండి. ఐదు నిమిషాలయ్యాక కావాలంటే ఫోన్ చేయండి. వారం తర్వాత ఆ ఐదును పది చేయండి. మొదటి రోజుల్లో చాలా కష్టంగా ఉంటుంది, అయినా పట్టు విడవకండి. మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది దీన్నే. మన దిక్కు ‘ఎరుకేనా?’ అని అడుగుతాం చూడండి, ఆ ఎరుకే ఇది.

శిబిరం మంచిదే కానీ, అక్కడ ఫోన్ ఇచ్చేసి పది రోజులు మౌనంగా, రోజూ గంటల తరబడి కూర్చోవాలి. ఇంత ఆందోళనలో ఉన్న మీకు మొదటి మెట్టుగా అది వద్దు. ఇంట్లోనే రోజూ పావుగంటతో మొదలుపెట్టండి. అమెరికాలో 1979లో జాన్ కబాట్-జిన్ రోగుల కోసం మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ 8 వారాలది. మీరూ అన్ని వారాలు చేసి చూడండి.

ఈసీజీ ఒక్కదానితో సరిపెట్టుకోకండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. ఆ రెండు పరీక్షలూ చేయించండి, టీ తగ్గించండి. నిద్ర పూర్తిగా పోయినా, బతకాలని లేదనే ఆలోచన వచ్చినా ఆగకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ అబ్బాయికీ ఈ సంగతి చెప్పండి. రోజూ రాత్రి 9 గంటలకు తనే ఒకసారి ఫోన్ చేయాలని, మధ్యలో మీరు చేయరని ఇద్దరూ మాట అనుకోండి.