పునర్వ్యవస్థీకరణా, పునఃవ్యవస్థీకరణా?

సందేహం: 2021లో బ్రిటన్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌ను ఎత్తేసి, మహమ్మారులను ఎదుర్కొనే పని వేరే సంస్థకు ఇచ్చారు. ఆ సంగతి పిల్లలకు రాస్తూ ‘ప్రజారోగ్య సంస్థల పునఃవ్యవస్థీకరణ’ అన్నాను. ‘పునర్వ్యవస్థీకరణ’ అనాలని తోటి మాస్టారు దిద్దారు. ‘సన్నద్ధత’, ‘సంసిద్ధత’ ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయిని, రాజాం

సమాధానం: మాస్టారు దిద్దిందే సరి అమ్మా. మూలరూపం ‘పునర్’, చివర రేఫ ఉంది. క, ప లాంటి పరుషాల ముందూ, స ముందూ అది విసర్గో సకారమో అవుతుంది: పునఃప్రారంభం, పునస్సమీక్ష. అచ్చుల ముందూ, జ, వ లాంటి వాటి ముందూ రేఫ చెక్కుచెదరదు: పునరాగమనం, పునర్జన్మ. పునర్వసు నక్షత్రాన్ని ‘పునఃవసు’ అని ఎవరైనా అంటారా?

ఈ మాట మీకు అనుభవంలో ఉన్నదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి మీ రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. ఊరు కదల్లేదు, కాగితం వెళ్ళే కలెక్టరాఫీసు మారింది. ఉన్నవాటినే తీసి వేరే వరసలో పెట్టడం ఈ మాటకు అర్థం. ఇంగ్లండులో జరిగిందీ అదే. అంటురోగాల మీద నిఘా, ప్రయోగశాలలు కొత్త ఆరోగ్య భద్రతా సంస్థకు వెళ్ళాయి. జనం ఆరోగ్యాన్ని మెరుగుపరిచే పని ఆరోగ్యశాఖలోని మరో కార్యాలయానికి చేరింది. మన దేశంలో 1909లో కసౌలీలో మలేరియా బ్యూరోగా పుట్టిన సంస్థ 1963లో అంటువ్యాధులన్నిటినీ చూసే జాతీయ సంస్థ అయింది. అక్కడా ఈ మాట చక్కగా అతుకుతుంది. బోర్డు మీద పేరొక్కటే మారినచోట మాత్రం దయచేసి వాడకండి, ‘పేరు మార్చారు’ అంటే సరిపోతుంది.

సన్నద్ధత, సంసిద్ధత ఒకటి కావు. ‘సన్నద్ధ’లో ఉన్నది ‘నహ్’ ధాతువు, కట్టడం అని అర్థం. కవచం బిగించి కట్టుకున్నవాడు సన్నద్ధుడు. ‘సంసిద్ధత’ను మన పత్రికలు ఒప్పుకోలుకు వాడుతున్నాయి: ‘చర్చలకు సంసిద్ధత తెలిపారు’. తొలకరికి ముందే ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లెక్క చూసుకోవడం, నూతుల్లో బ్లీచింగ్ వేయించడం, ఇంటింటికీ వెళ్ళి ‘ఎవరికైనా జొరమొచ్చిందేటి?’ అని అడిగి రాసుకోవడం సన్నద్ధత. వాళ్ళ పనికి నేను ఆ మాటే వాడతాను. పిల్లలకు బరువనిపిస్తే ‘రోగం రాకముందే తయారుగా ఉండటం’ అని రాయండి, అర్థం ఏమీ తగ్గదు.