సోలార్, గాలి, నీరు: వీటి నుంచి కరెంటు ఎలా పుడుతుంది?

గాలిమరలోనూ డ్యామ్‌లోనూ జరిగేది ఒకటే. గాలి లేదా నీటి తోపుకి టర్బైన్ (రెక్కల చక్రం) తిరిగితే, దాంతోపాటు జనరేటర్‌లోని అయస్కాంతం రాగి తీగచుట్టల మధ్య తిరిగి కరెంటు పుట్టిస్తుంది. చెరకు పిప్పి, వరి ఊకతో నడిచే ప్లాంట్లలో ఆ తిప్పే పని ఆవిరిది, బొగ్గు ప్లాంటులో లాగే.

సోలార్‌లో మాత్రం తిరిగేదేమీ ఉండదు. సిలికాన్ సెల్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు అర వోల్టే, అందుకే పదుల సెల్స్‌ని వరసగా కలిపి ప్యానెల్ చేస్తారు. వచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. ఇంట్లో వాడాలంటే ఇన్వర్టర్ దాన్ని ఏసీగా, అంటే దిశ మారుతూ పారే కరెంటుగా మార్చాలి. ఇంకోటి, ప్యానెల్‌కి కావాల్సింది వెలుగు, వేడి కాదు. సెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3–0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో మేడ మీద ప్యానెల్ 60 డిగ్రీలకు చేరడం మామూలే. కాబట్టి ఎండలు మండిపోతున్నాయని మరీ సంబరపడక్కర్లేదు!

అసలు తలనొప్పి రాత్రిపూట, ఎండ లేక సోలార్ ఆగిపోతుంది. అందుకే పగటి కరెంటుని దాచుకునే దారి కావాలి. ఉదాహరణకి, శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు రెండు వైపులా తిరిగేలా కట్టినవి. కరెంటు మిగిలితే కింది నీటిని పైకి తోడొచ్చు, కొరత వస్తే అదే నీటితో కరెంటు తీయొచ్చు. ఇలాంటి చోట్ల తోడడానికి పెట్టిన కరెంటులో సుమారు నాలుగో వంతు తిరిగి రాదు. అయినా పగటి సోలార్‌ని సాయంత్రానికి దాచుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.